ఒక్క ఫోను, నలభై మంది పిల్లలు: సర్కారు బడిలో డిజిటల్ పాఠం గురించి తల్లిదండ్రులు, టీచర్లు తెలుసుకోవాల్సినవి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల ప్రభుత్వ పాఠశాలల కోసం

ఈ పీడీఎఫ్ ఎవరికి? ప్రభుత్వ, జిల్లా పరిషత్, మండల పరిషత్ బడుల్లో పిల్లలు చదువుతున్న తల్లిదండ్రులకు, ఆ బడుల టీచర్లకు, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సభ్యులకు. సూర్యాపేట, కోదాడ మన జిల్లాలో ఉన్నాయి, మిర్యాలగూడ నల్గొండ జిల్లాలో ఉంది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు వేరైనా పథకాలు ఒక్కటే, పాఠ్యపుస్తకాలు ఒక్కటే. అందుకే ముగ్గురికీ కలిపి రాశాం. చదివి మీ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి.

ముందుగా ఒక మాట

కొన్నాళ్ల కింద ఒక హైస్కూల్లో డిజిటల్ ప్యానెల్ ప్రారంభానికి వెళ్లాను. రిబ్బన్ కట్ చేశారు, ఫొటోలు తీశాం, ప్రెస్ నోట్ నేనే రాశాను. బడి రూపురేఖలు మారిపోయాయన్నట్టు పెద్ద హెడ్డింగ్ కూడా పెట్టాను. ఆర్నెల్లకు వేరే పని మీద అదే బడికి పోతే ప్యానెల్ మీద దుప్పటి కప్పి ఉంది. "పిల్లలు ముట్టుకుంటే పాడైతది సార్, మళ్లీ ఎవరు బాగు చేయిస్తారు" అన్నారు.

పక్క గదిలో మాత్రం ఒక టీచరమ్మ తన సొంత ఫోనును డస్టర్‌కు ఆనించి నిలబెట్టి, అరచేతిలో పట్టేంత స్పీకరు పెట్టి ఆరో తరగతికి పాఠం చెప్తున్నారు. నిమిషం వినిపించడం, ఆపడం, "ఇప్పుడేమైతది చెప్పండి" అని అడగడం. వెనక బెంచీ పిల్లలు కూడా లేచి చెప్తున్నారు. ఆ గది గురించి నేను ఏ ప్రెస్ నోట్ రాయలేదు. ఇప్పుడు ఈ కాగితం రాయడానికి కారణం అదే.

అసలు విషయం ఏంటి?

సామాను వచ్చిందంటే చదువు వచ్చినట్టు కాదు. టీచరు దాన్ని ఎక్కడ ఆపి ఏం అడుగుతున్నారన్న దాన్ని బట్టే పిల్లలకు చదువు వస్తుంది. ఇది మన ఒక్కళ్ల అనుభవం కాదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో పిల్లలకు పది లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లు పంచారు. పాఠం చెప్పే పద్ధతిలో వాటిని కలపలేదు కాబట్టి చదువు మెరుగుపడలేదని యునెస్కో 2023లో విడుదల చేసిన ప్రపంచ విద్యా నివేదిక చెప్పింది.

మన దేశం సంగతి చూడండి. గ్రామీణ ప్రాంతాల్లో చేసిన అసర్ 2024 సర్వే ప్రకారం 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. సర్వేకు ముందు వారంలో చదువు కోసం ఫోను వాడినవాళ్లు 57 శాతం. సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం. ఫోను పిల్లలకు మనం నేర్పనక్కర్లేదు, వాళ్లకే వచ్చు. దాంతో చదువుకోవడం ఎట్లానో చూపించే మనిషి కావాలి. ఆ మనిషి బడిలోనే ఉన్నారు.

బడికి టీవీ వచ్చి యాభై ఏళ్లు

పల్లె బడిలో తెర మీద పాఠం అంటే ఇవ్వాళ్టి మాట అనుకుంటాం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు, ఏడాది పాటు సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు పంపారు. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఉంది, మన మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామాలున్నాయి. పొద్దున పూట బడి పిల్లలకు తెలుగులో కార్యక్రమాలు, సాయంత్రం రైతులకు, ఊరివాళ్లకు వేరే కార్యక్రమాలు. కరెంటు లేని ఊళ్లలో బ్యాటరీతో టీవీ నడిపించారు.

తర్వాత మన టీవీ వచ్చింది. దాని స్థానంలో తెలంగాణలో టీ-శాట్ వచ్చింది. కరోనాతో బడులు మూతపడ్డప్పుడు 2020 సెప్టెంబర్ 1 నుంచి 3 నుంచి 10 తరగతుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు చెప్పారు. టీవీ లేని పిల్లల్ని పక్కింటి టీవీకో పంచాయతీ టీవీకో జతచేసే ఏర్పాటు కూడా చేశారు.

అప్పుడు అందరికీ అర్థమైన సంగతి ఒకటుంది. టీవీ పాఠం చెప్పగలదు గానీ, పిల్లకు అర్థమైందో లేదో అడగలేదు. టీచర్లు ఫోన్ చేసి, ఇంటికి పోయి, వర్క్‌షీటు దిద్ది అడిగిన చోటే పిల్లలు నిలబడ్డారు.

మన దగ్గర ఇబ్బందులు ఏంటి?

జాతీయ రహదారి 65 పక్కనున్న ఊళ్లలో సిగ్నల్ బాగుంటుంది. లోపలి తండాలకు పోతే ఫోను పట్టుకుని వేపచెట్టు కిందికి రావాలి. ఇంట్లో ఉన్నది ఒక్కటే స్మార్ట్‌ఫోన్. పొద్దున నాన్న వెంట పొలానికో, మిల్లుకో, ఆటో మీదికో పోతుంది. రాత్రి ఎనిమిదికి ఇంటికి వచ్చేసరికి చార్జింగ్ ఉండదు, పిల్లలకు నిద్ర వస్తుంది. పత్తి ఏరే రోజుల్లో పెద్ద పిల్లలు బడికే రారు.

ప్రాథమిక బడుల్లో ఇంకో చిక్కు. చాలా చోట్ల ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. తండా పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, బడికొస్తే తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైనప్పుడు, ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. అది మంచి సాయం. కానీ ఎదురు పేజీ తెలుగు కూడా చదవడం రాని పిల్లకు రెండు పేజీలూ ఒక్కటే.

మూడో తరగతి దాటేలోపు చదవడం, చిన్న లెక్కలు రాకపోతే ఆ తర్వాత సైన్స్ రాదు, సోషల్ రాదు. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్, 2022–23లో మన రాష్ట్రం 1 నుంచి 5 తరగతులకు తెచ్చిన తొలిమెట్టు, రెండూ దీని కోసమే. ఇక్కడే ఫోను ఉపయోగపడాలి.

ప్రభుత్వం వైపు నుంచి ఏమేం ఉన్నాయి?

దీక్షా యాప్: 2017 సెప్టెంబర్ 5న మొదలైంది. పాఠ్యపుస్తకంలో పాఠం దగ్గర నలుపు తెలుపు గళ్ల క్యూఆర్ కోడ్ ఉంటుంది. స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు వస్తాయి. పైసా కట్టాల్సిన పనిలేదు.

టీ-శాట్: విద్య, నిపుణ అని రెండు చానళ్లు. బడి పాఠాలకు విద్య చానల్ చూడాలి. కేబుల్ టీవీలో, యాప్‌లో, యూట్యూబ్‌లో దొరుకుతుంది.

మన ఊరు – మన బడి: 2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభించారు. 26,065 బడులకు మూడేళ్లలో రూ.7,289 కోట్లతో 12 రకాల పనులు అనుకున్నారు. మరుగుదొడ్లు, కరెంటు, తాగునీరు, ప్రహరీ లాంటి వాటితో పాటు డిజిటల్ సౌకర్యాలు కూడా ఆ 12లో ఒకటి.

అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ: 2024 నుంచి బడి పనులు ఈ కమిటీ చేతికి వచ్చాయి. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు దీనికి అధ్యక్షురాలు, హెడ్మాస్టర్ కన్వీనర్, పిల్లల తల్లులు సభ్యులు.

ఉచిత కరెంటు: ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత విద్యుత్ నిర్ణయం 2024లో వచ్చింది. "బిల్లు ఎవరు కడతారు" అని కంప్యూటర్ గదికి తాళం వేసే రోజులు పోవాలి.

ఏఐ ల్యాబ్‌లు: 2025లో ఎక్‌స్టెప్ ఫౌండేషన్ సాయంతో రాష్ట్రంలో కొన్ని ప్రాథమిక బడుల్లో 3, 4, 5 తరగతుల పిల్లల కోసం మొదలయ్యాయి. చదవడంలో, లెక్కల్లో వెనకబడ్డవాళ్లకు వాళ్ల స్థాయిని బట్టి అభ్యాసాలు ఇస్తాయి.

ఒక తేడా గమనించండి. సమగ్ర శిక్షా కింద కంప్యూటర్ ల్యాబ్, స్మార్ట్ తరగతి అనే అంశం 6 నుంచి 12 తరగతులకు ఉద్దేశించింది. అందుకే పెద్ద సామాను ఎక్కువగా హైస్కూళ్లకే పోతుంది. తండాలో ఐదో తరగతి వరకే ఉన్న బడిలో ఇప్పటికీ ఎక్కువగా పనిచేసేది టీచరు ఫోనే.

నెట్ లేని బడిలో దీక్షా ఎట్లా వాడాలి?

1. సిగ్నల్ ఉన్న చోట, ఇంట్లోనో మండల కేంద్రంలోనో, దీక్షా యాప్ వేసుకోండి. బోర్డు తెలంగాణ, మీ మీడియం, తరగతి ఎంచుకోండి. లాగిన్ కాకుండా కూడా పాఠాలు చూడొచ్చు.
2. పుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. కోడ్ చెరిగిపోతే దాని కింద ఉన్న ఆరు అక్షరాల కోడ్‌ను టైప్ చేసినా చాలు.
3. వచ్చిన వాటిలో మీకు కావాల్సిన ఒక్కటి చూసి డౌన్‌లోడ్ నొక్కండి. వారానికి మూడు నాలుగు చాలు. అన్నీ దించుకుంటే ఫోను నిండుతుంది.
4. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒకసారి నడిపించి చూడండి. నడిస్తే నెట్ లేని బడిలో కూడా నడుస్తుంది. పాఠం మధ్యలో ఫోన్ కాల్ కూడా రాదు.
5. దించిన పాఠాన్ని ఫైల్ లాగా పక్క బడి టీచరుకు పంపొచ్చు. కాంప్లెక్స్ మీటింగ్ రోజు ఒకరు దించింది పది మందికి పోతే పది మంది డేటా మిగులుతుంది.

తరగతి గదిలో పనికొచ్చే ఐదు పద్ధతులు

వీటికి ఒక స్మార్ట్‌ఫోన్, ఒక చిన్న స్పీకరు ఉంటే చాలు.

ఒకటి: మూడు నిమిషాలు, మూడు ఆపులు. నలభై మందికి ఐదంగుళాల తెర కనపడదు. అందుకని ముందు వినిపించండి. వీడియో పెట్టేముందు బోర్డు మీద ఒక ప్రశ్న రాయండి. మూడు నిమిషాల పాఠాన్ని మూడుసార్లు ఆపండి. మొదటి ఆపులో "ఏం విన్నారు", రెండో ఆపులో "తర్వాత ఏమైతది", మూడో ఆపులో "మన ఊర్లో ఇట్లాంటిది ఎక్కడ చూశారు". బొమ్మ చూపించాల్సి వస్తే ఎనిమిది మంది చొప్పున పిలవండి. వీడియో పెట్టి రిజిస్టర్లు రాసుకుంటే మాత్రం అది పాఠం కాదు, పిల్లల్ని కూర్చోబెట్టడం.

రెండు: పిల్ల గొంతు రికార్డు చేయడం. ఫోనులో వాయిస్ రికార్డర్ ఉంటుంది. జూన్‌లో పిల్లతో ఒక పేరా చదివించి రికార్డు చేయండి. నవంబర్‌లో మళ్లీ, ఫిబ్రవరిలో మళ్లీ. మూడూ పక్కపక్కన వినిపిస్తే పిల్లకే తెలుస్తుంది తాను ఎక్కడ తడబడుతుందో. ఇంకో లాభం ఉంది. మార్కుల కార్డు చదవలేని తల్లి కూడా బడి మీటింగులో తన బిడ్డ గొంతు వింటుంది. జూన్‌లో అక్షరం అక్షరం కూడబలుక్కున్న పిల్ల ఫిబ్రవరిలో గడగడా చదివితే దానికి ఏ గ్రేడూ అక్కర్లేదు. చదవకపోతే ఆ సంగతీ ఆమెకు తెలుస్తుంది.

మూడు: మూడు భాషల మాటల పెట్టె. తండా బడిలో పిల్లల్ని ఇంటి మాట అడగండి. అమ్మను లంబాడీలో యాడి అంటారు, రొట్టెను బాటి అంటారు. అవ్వ చేత ఒక మాట చెప్పించి రికార్డు చేయండి. దాని పక్కనే తెలుగు మాట, ఇంగ్లిష్ మాట పిల్లల గొంతుతో చేర్చండి. లంబాడీకి సొంత లిపి లేదు కాబట్టి తెలుగు అక్షరాల్లో రాయించండి. రోజుకు ఐదు మాటలైతే పని దినాల్లో వందలు జమవుతాయి. బడిలో తన భాష వినిపించిన పిల్ల నోరు తెరుస్తుంది. నోరు తెరిస్తేనే తప్పు తెలుస్తుంది, తప్పు తెలిస్తేనే దిద్దొచ్చు.

నాలుగు: ఊరి కాగితాలతో లెక్కలు. ధాన్యం కొనుగోలు కేంద్రం చీటీ, మిల్లు కాంటా చీటీ, కరెంటు బిల్లు, బస్ టికెట్టు. పేరు, నంబర్లు మూసేసి ఫొటో తీసుకోండి. ఉదాహరణకు 40 కిలోల బస్తాలు 75 అనుకోండి. మొత్తం 3,000 కిలోలు, అంటే 30 క్వింటాళ్లు. 2025–26లో ఏ గ్రేడ్ ధాన్యం మద్దతు ధర క్వింటాకు రూ.2,389. మొత్తం ఎంత? రూ.71,670. ఇప్పుడు బస్తాకు కిలో చొప్పున తరుగు తీస్తే ఎంత పోతుంది? 75 కిలోలు, అంటే ముప్పావు క్వింటా, దాదాపు రూ.1,792. ఈ లెక్క చేసిన ఏడో తరగతి పిల్ల ఇంటికి పోయి నాన్నను ప్రశ్న అడుగుతుంది. మిర్యాలగూడ మిల్లుల దగ్గర, కోదాడ మార్కెట్లో తిరిగే పిల్లలకు దశాంశాలు ఇంతకంటే దగ్గరగా ఎక్కడ దొరుకుతాయి?

ఐదు: ఇద్దరు టీచర్లు, ఐదు తరగతుల చక్రం. పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా చదివే స్థాయిని బట్టి మూడు గుంపులు చేయండి. ఒక గుంపు టీచరు దగ్గర, రెండో గుంపు స్పీకరు దగ్గర పాటో కథో విని బొమ్మ గీస్తూ, మూడో గుంపు పలక మీద అభ్యాసం. ఇరవై నిమిషాలకు గుంపులు మారాలి. గంటలో ప్రతి పిల్లకూ టీచరు ముఖం ఎదురుగా ఇరవై నిమిషాలు దొరుకుతుంది. ఫోను ఇక్కడ చేసేది ఒక్కటే. టీచరుకు ఆ ఇరవై నిమిషాలు మిగిల్చి ఇవ్వడం.

పొరుగు రాష్ట్రం నుంచి ఒక టీచరు

సోలాపూర్ పేరు మన వైపు చాలా ఇళ్లల్లో తెలుసు. చేనేత పనికి తెలంగాణ నుంచి వలసపోయిన తెలుగు కుటుంబాలు అక్కడ ఎందరో. ఆ సోలాపూర్ జిల్లాలో పరితేవాడి అనే చిన్న ఊరి జిల్లా పరిషత్ బడిలో 2009లో రంజిత్‌సిన్హ్ దిసాలే టీచరుగా చేరారు. బడి భవనం పాడుబడి, ఒకవైపు పశువుల కొట్టం, ఇంకోవైపు సామాన్ల గది ఉండేవి. పిల్లలు ఎక్కువ మంది ఇంట్లో కన్నడ మాట్లాడేవాళ్లు, పుస్తకాలు వేరే భాషలో.

ఆయన మొదట ఆ ఊరి భాష నేర్చుకున్నారు. పాఠాల్ని పిల్లల భాషలోకి మార్చారు. తర్వాతే క్యూఆర్ కోడ్‌లు తెచ్చి పుస్తకంలో అతికించారు. కోడ్ కొడితే ఆడియో పద్యం, వీడియో పాఠం, కథ, అభ్యాసం వచ్చేవి. ఆ పద్ధతిని మహారాష్ట్ర రాష్ట్రం మొత్తానికి తీసుకుంది, ఆ తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లోకీ క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. 2020లో ఆయనకు పది లక్షల డాలర్ల గ్లోబల్ టీచర్ ప్రైజ్ వచ్చింది. అందులో సగం తనతో పోటీపడ్డ మిగతా ఫైనలిస్టులకు పంచారు.

ఇవ్వాళ మన పిల్లల పుస్తకంలో ఉన్న గళ్ల బొమ్మ వెనక ఇట్లాంటి ఒక చిన్న బడి టీచరు కష్టం ఉంది. ఆయన చేసిన పనుల వరుస గమనించండి. ముందు పిల్లల భాష, తర్వాత పాఠం, చివరికి యంత్రం. మనం చాలాసార్లు ఈ వరుసను తిరగేస్తాం.

స్పీకరుకు డబ్బు ఎక్కడిది?

టీచర్లు ఇప్పటిదాకా ఎక్కువగా సొంత జేబు నుంచే పెడుతున్నారు. అట్లా పెట్టాల్సిన పని అన్నిసార్లూ లేదు. సమగ్ర శిక్షా కింద ప్రతి బడికీ ఏడాదికి కాంపోజిట్ స్కూల్ గ్రాంట్ ఉంటుంది. నిబంధనల ప్రకారం పిల్లల సంఖ్యను బట్టి:

• 30 మంది వరకు: రూ.10,000
• 31 నుంచి 100 మంది: రూ.25,000
• 101 నుంచి 250 మంది: రూ.50,000
• 251 నుంచి 1,000 మంది: రూ.75,000
• 1,000 పైన: రూ.1,00,000

ఇందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు వాడాలి. మిగతాది పాడైన సామాను మార్చడానికి, బోధనోపకరణాలకు, ఇంటర్నెట్‌కు, ఇతర రోజువారీ ఖర్చులకు వాడొచ్చని నిబంధనల్లోనే ఉంది. ఒక స్పీకరు, పవర్ బ్యాంకు, మెమరీ కార్డు ఇందులోకి వస్తాయి. కమిటీలో తీర్మానం రాసి, బిల్లు తీసుకుని, స్టాక్ రిజిస్టర్లో ఎక్కించండి.

పై పట్టికలో ఇంకో సంగతి కూడా ఉంది. 31 మంది ఉన్న తండా బడి నుంచి ఒక్క పిల్లను ప్రైవేటు బస్సు ఎక్కిస్తే 30 అవుతారు. గ్రాంట్ రూ.25,000 నుంచి రూ.10,000కు పడిపోతుంది. డబ్బు తగ్గితే సౌకర్యం తగ్గుతుంది, సౌకర్యం తగ్గితే ఇంకో పిల్ల పోతుంది. చిన్న బడులు ఇట్లాగే ఖాళీ అవుతాయి. ఎవర్నీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు, బిడ్డ బాగు ఎవరైనా చూసుకుంటారు. బడి మార్చేముందు ఒక్కసారి పోయి తరగతి గదిలో ఏం జరుగుతుందో చూడండి అని మాత్రమే అడుగుతున్నాం.

జాగ్రత్తలు

పిల్లల ఫొటోలు, వీడియోలు తల్లిదండ్రుల్ని అడగకుండా స్టేటస్‌లో, గ్రూపుల్లో పెట్టొద్దు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్ల వివరాల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి చేసింది. పిల్లల గొంతు రికార్డుకు కూడా ఇదే మర్యాద పాటించండి.

"స్కాలర్‌షిప్ వచ్చింది, ఈ లింకు నొక్కండి", "ఈ ఏపీకే ఫైల్ వేసుకోండి" అని వచ్చే మెసేజీలు నమ్మొద్దు. దీక్షా, టీ-శాట్ యాప్‌లు ప్లేస్టోర్ నుంచే వేసుకోండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఏఐ చాట్ యాప్‌లు చెప్పిన జవాబును టీచరు పుస్తకంతో సరిచూడకుండా బోర్డు మీద రాయొద్దు. అవి తప్పును కూడా ఎంతో నమ్మకంగా చెప్తాయి.

తరచూ అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో స్మార్ట్‌ఫోన్ లేదు. మా బిడ్డ వెనకబడుతుందా?
లేదు. పైన చెప్పిన పద్ధతులన్నీ బడిలో, టీచరు ఫోనుతో నడిచేవే. అప్పు చేసి ఫోను కొనాల్సిన అవసరం లేదు. సాయంత్రం బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని "ఇవ్వాళ ఏం విన్నవ్, చెప్పు బిడ్డా" అని అడగండి. మీకు చదువు రాకపోయినా పర్వాలేదు, చెప్పించుకుంటే చాలు.

టీచర్లు క్లాసులో ఫోను పట్టుకుంటే మాకు అనుమానం వస్తది. అడగొచ్చా?
అడగొచ్చు. మర్యాదగా అడగండి. ఒక సంగతి కూడా తెలుసుకోండి. హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, రకరకాల వివరాలు అన్నీ టీచర్లు ఫోనులోనే పంపాలి. పాఠం కంటే రిపోర్టులకే ఫోను ఎక్కువ పట్టుకోవాల్సి వస్తుందని చాలా మంది టీచర్ల బాధ. అది న్యాయమైన బాధే.

మా బడిలో ప్యానెల్ పాడైంది. ఎవరికి చెప్పాలి?
హెడ్మాస్టర్ రాతపూర్వకంగా మండల విద్యాధికారికి తెలపాలి. కమిటీ తీర్మానం జతచేస్తే పని త్వరగా కదులుతుంది. అక్కడ కదలకపోతే జిల్లా విద్యాధికారికి రాయండి. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో కూడా దరఖాస్తు ఇవ్వొచ్చు. రసీదు తీసుకోండి.

నాకు టెక్నాలజీ అంతగా రాదు. రిటైర్మెంట్ దగ్గర పడ్డది. నేనేం చేయగలను?
వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపగలిగితే రికార్డింగ్ వచ్చినట్టే. ముప్ఫై ఏళ్ల అనుభవంతో మీరు అడిగే ప్రశ్న ఏ యాప్‌లోనూ లేదు. బటన్లు నొక్కడం ఏడో తరగతి పిల్ల నేర్పుతుంది. ప్రశ్న మీరు అడగండి.

బడి మీటింగులో అడగాల్సిన ఐదు మాటలు

1. మా పిల్ల తరగతి పుస్తకం చదవగలుగుతుందా? మా ముందు ఒక పేరా చదివిస్తారా?
2. బడికి వచ్చిన టీవీ, ప్యానెల్, కంప్యూటర్లలో ఏవి పనిచేస్తున్నాయి, వారానికి ఎన్ని గంటలు వాడుతున్నారు?
3. ఈ ఏడాది గ్రాంట్ ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది?
4. పాఠాలు ముందే దించి పెట్టుకోవడానికి టీచరుకు ఏం సాయం కావాలి?
5. అన్నిటికంటే వెనకబడ్డ ఐదుగురు పిల్లల కోసం ఈ నెల ఏం చేస్తున్నారు?

ఈ ఐదూ గొడవ పెట్టుకోవడానికి కాదు. నాలుగో ప్రశ్న మర్చిపోవద్దు. అడిగేవాళ్లు సాయం కూడా అడిగితే టీచరు మనసు విప్పి మాట్లాడతారు.

చివరగా

సామాను కొనడం ప్రభుత్వం పని, దాన్ని పాఠంగా మార్చడం టీచరు పని, పాఠం అందిందో లేదో అడగడం మన పని. మూడింట్లో ఏది ఆగినా ప్యానెల్ మీదికి దుప్పటి వస్తుంది.

మీ బడిలో ప్యానెల్ మీద దుప్పటి ఉంటే ఈ వారమే తీయించండి. పాడైపోతుందన్న భయం అక్కర్లేదు. వాడితే పాడైనా బాగు చేయించొచ్చు. వాడకుండా ఉంటే పోయేది పిల్లల ఏడాది, అది మళ్లీ రాదు. ప్యానెల్ లేకపోతే టీచరు ఫోనుతోనే మొదలుపెట్టమనండి, స్పీకరుకు కమిటీలో తీర్మానం చేయండి.

మరిన్ని వివరాలకు మీ బడి హెడ్మాస్టర్‌ను గానీ, మండల విద్యాధికారి కార్యాలయంలో గానీ సంప్రదించండి.

జారీ: జిల్లా పౌర సంబంధాల అధికారి, సూర్యాపేట